మూడే బ్యాకప్పులు

ఖమ్మంలో వెంకటనారాయణకి ఎవరైనా శాలువా కప్పారంటే భద్రాచలంలో విశ్రాంతమ్మకి పని పడ్డట్టే. ఆయన 'వనమిత్ర' అనే సేవాసంస్థకి డైరెక్టరు, ఆవిడ ఆ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. సంస్థకో వెబ్‌సైటు ఉంది. అందులో అడవి తక్కువ, ఆయన ఎక్కువ. శాలువాతో ఒక ఫోటో, మెమెంటోతో ఒక ఫోటో, చీపురు పట్టుకుని ఒక ఫోటో. ఫోటో అయ్యాక ఆ చీపురుతో ఎవరు ఊడ్చారో ఆఫీసులో అందరికీ తెలుసు.

ఒకసారి సైటు పాడై రెండు నెలల సన్మానాలు మాయమయ్యాయి. అప్పట్నుంచి ఆయనకి బ్యాకప్ అంటే తాయెత్తు కింద లెక్క. కొత్త శాలువా సైటుకెక్కగానే "బ్యాకప్ తీశావా?" అని అడిగేవాడు. బ్యాకప్ అంటే సైటు మొత్తానికి ఇంకో నకలని, దాన్ని సైటుకి చోటు అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీవాళ్లు తమ దగ్గర దాస్తారని ఆయనకి తెలుసు. వాళ్లు మూడు నకళ్లకే చోటిస్తారని, నాలుగోది తీస్తే అన్నిటికన్నా పాతది దానంతటదే చెరిగిపోతుందని మాత్రం ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

2008 జూన్‌లో ఒక శుక్రవారం పొద్దున్నే జంపక్క వచ్చింది. మణుగూరు అవతల అడవిలో ఆమె ఊరు. మూడు మైళ్లు నడిచి బస్సెక్కి వచ్చిన మనిషి, కూర్చోమన్నా కూర్చోకుండా అడిగింది.

"చెల్లే, నువ్వు మా చేన్ల తీసిన ఫోటువ ఉన్నదా? సోమారం కమిటీ సార్లు వస్తరట. రెండువేల అయిదు డిసెంబరు కంటె ముందుగాల్నించి దున్నుతున్నట్టు రుజువు చూపియ్యాలంట. లేకుంటె ఆ అడివి భూమికి పట్టా రాదన్నరు."

విశ్రాంతమ్మకి ఆ ఫోటో బాగా గుర్తు. 2005 ఆగస్టులో సంస్థ చేసిన సర్వే కోసం కెమెరా మెడలో వేసుకుని, బురదలో చెప్పులు తెగి, ఆ ఊళ్లో చేను చేనూ తిరిగింది ఆవిడే. జంపక్క భర్త పగిడయ్య మోకాలెత్తు జొన్నలో నిలబడ్డాడు. ఫోటో మూలన తేదీ పడింది. ఎవరు ఏ చేను దున్నుతున్నారో రాసి ఊరి పెద్దలు వేలిముద్రలు వేసిన కాగితాన్ని కూడా స్కాన్ చేసి సైటులో పెట్టింది. ఇప్పుడు పగిడయ్య లేడు, పోయినేడు జ్వరంతో పోయాడు. అసలు కాగితాల్ని ఆఫీసు వెనక గదిలో చెదలు తినేశాయి. పాత కంప్యూటరు పిడుగుపాటుకి కాలిపోయింది. సైటులో మిగిలిన సర్వే పేజీల్ని మొన్న మార్చిలో డైరెక్టరుగారు తీయించేశాడు. సన్మానాల ఆల్బమ్‌కి చోటు చాలలేదట. 'డైరెక్టరు గారు స్వయంగా ఊరూరూ తిరిగి చేసిన సర్వే' అన్న వాక్యాన్ని మాత్రం మొదటి పేజీలో అలాగే ఉంచాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ పేజీలు తీసేసే ముందురోజు తీసిన బ్యాకప్ ఒకటుంది. ఉన్న మూడింట్లో అదే పాతది. విశ్రాంతమ్మ గబగబా దాన్ని దింపుకోవడం మొదలుపెట్టింది. ఫోన్ లైను మీద వచ్చే నెట్టు నత్తనడక నడిచింది. సగం దిగాక కరెంటు పోయింది. కరెంటొచ్చాక మళ్లీ మొదట్నుంచి పెట్టింది. జంపక్క అప్పటికి బెంచీ చివర కూర్చుని, ఆ తెర మీద జరుగుతున్న గీతనే చూస్తోంది.

పదకొండున్నరకి వెంకటనారాయణ ఊడిపడ్డాడు.

"ఏమ్మా విశ్రాంతమ్మా, నిన్న ఖమ్మంలో సన్మానం బ్రహ్మాండంగా జరిగింది. ఈ ఫోటోలు ఎక్కించి వెంటనే బ్యాకప్ తీసెయ్."

"ఇప్పుడు తీస్తే పాతది పోతది సార్. జంపక్కోళ్ల చేను ఫోటో అండ్లనే ఉంది. దింపుతున్న, ఇంకో గంట పడతది."

"పాతది పోతే పోనీ. రేపు పొద్దున్నే మనకి నిధులిచ్చే ఢిల్లీవాళ్లు సైటు చూస్తారు, ఈలోగా ఏదన్నా అయితే?" జంపక్క వైపు ఓ చూపు విసిరాడు. "ఈమెకి తర్వాత ఏదో ఒకటి రాసిద్దాంలే."

ఏదో ఒకటి. ఆ మాటకి విశ్రాంతమ్మకి ఒళ్లు మండింది. ఆరేళ్లుగా ఈ మనిషిని చూసి లోలోపల నవ్వుకునేది. ఇవాళ నవ్వు రాలేదు, రోత పుట్టింది.

"ఇటు చూడండి సార్. మూడిట్లనూ మీ శాలువాలున్నయి. సైటుల ఎట్లాగూ ఉన్నయి. జంపక్క చేను ఒక్క దాంట్లనే ఉంది." అంటూనే మార్చిది ముట్టుకోకుండా, మొన్న మే నెలలో తీసిన బ్యాకప్‌ని ఎంచి చెరిపేసింది. "ఇగో, మీకు చోటయింది. ఇది దిగినంక మీది తీస్త."

"నన్నడక్కుండా చెరిపేస్తావా? రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"మంచిది సార్. ఇయ్యాల సాయంత్రం దాక ఉన్న గద."

ఆయన విసవిసా వాకిలి దాకా వెళ్లాడు. సైటు పాస్‌వర్డు ఆవిడొక్కదానికే తెలుసన్న సంగతి అక్కడ గుర్తొచ్చింది. మెల్లగా తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఒంటిగంటకి బ్యాకప్ దిగింది. విశ్రాంతమ్మ ఫోటోనీ, వేలిముద్రల కాగితాన్నీ ప్రింటు తీసి జంపక్క చేతిలో పెట్టింది. జంపక్క చేనూ చూడలేదు, తేదీ చూడలేదు.

"నవ్వుతుండు," అంది. చాలాసేపు పగిడయ్య ముఖాన్ని బొటనవేలితో నిమిరింది. విశ్రాంతమ్మకి కళ్లు తడిశాయి.

అది చూడగానే డైరెక్టరుగారికి ప్రాణం లేచొచ్చింది. కోపం ఏమైందో, జుట్టు సవరించుకుని కెమెరా తీసి విశ్రాంతమ్మకిచ్చాడు. "పత్రం అందజేస్తున్నట్టు ఒకటి తియ్. ఏదమ్మా, ఆ కాగితం ఒకసారి ఇటివ్వు, మళ్లీ ఇస్తాను." నవ్వు ముఖం పెట్టి చెయ్యి చాపాడు.

జంపక్క కాగితం ఇవ్వలేదు. "ఈ సారెవలు చెల్లే?"

"మీ ఊరంత తిరిగి సర్వే చేసిన సారు. సైటుల గట్లనే రాసి ఉంది."

జంపక్క ఆయన్ని కిందనుంచి మీదిదాకా చూసింది. "మా ఊరికా? ఎన్నడొచ్చిండు? నేనెరుగ." ఆ గొంతులో కోపమేమీ లేదు. కాగితాలు మడతపడకుండా సంచిలో పెట్టుకుంది. "బస్సు పోతది, వస్త చెల్లే," అని మెట్లు దిగింది.

డైరెక్టరుగారి చెయ్యి ఇంకా చాపే ఉంది. నవ్వు కూడా ముఖం మీదే ఉంది. విశ్రాంతమ్మ అప్పుడు కెమెరా నొక్కింది.

సాయంత్రం ఆవిడ సర్వే మొత్తానికి సీడీల మీద రెండు నకళ్లు తీసి, ఒకటి ఆఫీసులో ఉంచి ఒకటి తన సంచిలో వేసుకుంది. తర్వాత ఆయన చెప్పిన ఫోటోలన్నీ ఆల్బమ్‌లో పెట్టింది. అన్నిటికన్నా పైన, ఖాళీ చెయ్యి చాపి నవ్వుతున్న ఫోటో పెట్టి, దాని కింద 'జంపక్కకు పత్రం అందజేస్తున్న డైరెక్టరు గారు' అని రాసింది. ఆయన ఎప్పుడూ చెప్పినట్టే, వెంటనే బ్యాకప్ తీసింది.