మూడో చావు

మా మామ వుకాషిన్ ఆ యుద్ధం సినిమాలో మూడుసార్లు చస్తాడు. షూటింగు ఇక్కడే, మాంటినీగ్రో కొండల్లో, మా ఊరి వంతెన దగ్గర జరిగింది. మనుషులు చాలక, ఊళ్ళోవాళ్ళకే రోజుకో యూనిఫారం తొడిగి మళ్ళీ మళ్ళీ కాల్చారు.

ఏటా జూలైలో దాన్ని టీవీలో వేస్తారు. నాకైతే ఒళ్ళుమంట. ఆ ట్యాంకులు చెక్కవని ఎవరికైనా తెలిసిపోతుంది. అయినా ఇల్లు చుట్టాలతో నిండిపోతుంది. ఎవరు గెలిచారో ఎవరికీ పట్టదు. మామ పడ్డప్పుడల్లా చప్పట్లు, చావుకో గ్లాసు రకియా సారా.

మొన్న చలికాలంలో మామ నిజంగానే పోయాడు. ఈసారి టీవీ పెట్టొద్దన్నాను. అత్త రద్మిల వినలేదు. ఇద్దరమే కూర్చున్నాం.

జర్మన్ సైనికుడిగా మామ వంతెన మీంచి నదిలో పడ్డాడు.

"చూశావటే, ఎంత ఒడుపుగా పడ్డాడో! ఇంట్లో మంచం దిగమంటే మాత్రం నడుం నొప్పి!" అని అత్త నవ్వింది.

కాసేపటికి ఇటలీ సైనికుడిగా వచ్చి, గోడ పక్కన మళ్ళీ చచ్చాడు. అత్త మళ్ళీ నవ్వింది.

ఆ తర్వాత మన గెరిల్లా దళంలో ఒకడిగా, తుపాకీ పట్టుకుని మంచులో కొండెక్కసాగాడు. అత్త లేచి టీవీ కట్టేసింది.

"అదేంటత్తా, అసలు చావు ఇంకా ఉందిగా!" అని నోరు జారాను.

"ఉంటే ఉండనీ. రెండుసార్లు చచ్చి లేచొచ్చాడు. ఈసారి పడితే మళ్ళీ రాడు. నా మొగుణ్ణి ఆ కొండ మీదే ఉండనీ."

మూడో చావు కోసం పోసి ఉంచిన రకియాను మళ్ళీ సీసాలోకి ఒంపేశాను.