ఏది పాతది, ఏది కొత్తది

తౌనో పదో స్క్రూ విప్పి అయస్కాంతపు పళ్ళెంలో వేశాడు. కొనగోరు ఆనించగానే ల్యాప్‌టాప్ అడుగు మూత టక్కున ఊడింది. లోపల పదకొండేళ్ళ దుమ్ము, ఒక పిల్లి వెంట్రుక, మూలన పాత హార్డ్ డిస్కు.

అతనికి అరవై మూడేళ్ళు. పొడవాటి వేళ్ళు, వాటి నిండా టంకం కాల్చిన మచ్చలు. మంచు దేశపు ఊరు యొయెన్సూలోని ఈ రిపేరు షాపులో ముప్పై ఒక్కేళ్ళుగా వెనక బల్ల దగ్గరే కూర్చున్నాడు. ఒకప్పుడు టీవీ గరగర విని, దాని లోపల ఏది పోయిందో చెప్పేవాడు. ఆరు నెలలుగా అతని కుడికంటి మధ్యలో ఒక మసక మరక. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. యజమానురాలు పిర్యో దగ్గర లేనప్పుడు మాత్రమే సొరుగులోంచి భూతద్దం తీసేవాడు.

ల్యాప్‌టాప్ ఐలిది. ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. యుద్ధం తర్వాత సరిహద్దు జరిగి, ఆమె తల్లి ఊరు అవతలి దేశంలో ఉండిపోయింది. ఆ ఊళ్ళో తప్ప ఇంకెక్కడా వినపడని మాటల్ని, గుర్తొచ్చినప్పుడల్లా, పదకొండేళ్ళుగా అందులో టైపు చేసుకుంటోంది. అది తెరుచుకునేసరికి కాఫీ చల్లారిపోతోందని, వేగంగా నడిచే కొత్త ఎస్‌ఎస్‌డీ డిస్కు వేయమని నిన్న ఇచ్చి వెళ్ళింది.

తౌనో రెండు డిస్కుల్నీ తన కంప్యూటర్‌కు తగిలించాడు. దేన్నుంచి దేనికి కాపీ చేయాలని తెర అడిగింది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి. పొడవాటి నంబర్లలో చివరి అక్షరాలే తేడా. చెయ్యి సొరుగు దాకా వెళ్ళింది.

అప్పుడే పిర్యో వెనక వచ్చి నిలబడింది.

"ఏంటి తౌనో, ముక్కుతో చదువుతున్నావా?"

తౌనో వెనక్కి జరిగి, చదివినవాడిలా తలాడించి, మీట నొక్కాడు.

గంట తర్వాత చూస్తే రెండు డిస్కులూ ఖాళీ. ఖాళీదాన్ని తెచ్చి నిండుదాని మీద రాసేశాడు, ఒక్క గడి వదలకుండా. తెలిసిన ఉపాయాలన్నీ చేశాడు. మెడ వెనక చెమట పట్టింది. భోజనానికి లేవలేదు. చివరికి కొత్త డిస్కులో విండోస్ ఎక్కించి మూత బిగించాడు.

రెండింటికి ఐలి వచ్చింది. మీట నొక్కిన పన్నెండు సెకన్లకే తెర వెలగడం చూసి ఆమె ముఖం విప్పారింది. తన ఫోల్డర్ కోసం వెతికింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ వెతికింది.

"పాత డిస్కు ముందే పోయిందమ్మా," అన్నాడు తౌనో బల్లను చూస్తూ.

"తప్పు నాదే," అంది ఆమె. "చలి మొదలవకముందే తేవాల్సింది. ముందు రాసుకున్న చీటీలు కూడా ఆవిరిస్నానపు గది పొయ్యిలో వేసేశాను, ఇందులో ఉన్నాయిగదా అని."

అన్నం కూడా మానేసి పాటుపడ్డావటగా నాయనా, పిర్యో చెప్పింది అంటూ అతని చేతి మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

ఆ చెయ్యి పడిన చోట చర్మం మండుతున్నట్టే ఉంది. తౌనో స్క్రూడ్రైవర్ తీశాడు, పెట్టేశాడు. లేచి పిర్యో దగ్గరికి వెళ్ళి కంటి సంగతి, డిస్కు సంగతి, ఆడిన అబద్ధం ఒక్క ఊపిరిలో చెప్పాడు. రేపట్నుంచి రానన్నాడు. ఆమె ఏదో అనబోయింది. అతను కోటైనా వేసుకోకుండా బయటికి నడిచాడు.

బస్ స్టాపులో ఐలి ఒక్కతే కూర్చుని ఉంది.

"డిస్కు బాగానే ఉందమ్మా. నేనే చెరిపేశాను. నాకు కన్ను ఆనట్లేదు. అది దాచుకున్నాను."

ఆమె రోడ్డు మీది బురద మంచు వైపు తిరిగింది.

"అయితే నేను ఆలస్యం చెయ్యలేదన్నమాట," అంది.

ఆ గొంతులో కోపం కోసం వెతికాడు తౌనో. ఉంటే బాగుండుననిపించింది.

ఆమె సంచీలోంచి పెన్ను తీసి, షాపు రసీదు వెనక రాయడం మొదలుపెట్టింది. పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే చప్పుడుకు అమ్మ ఊళ్ళో ఒక మాట, అని చెప్పింది. కోపగించుకుని మాట్లాడని మనిషికి ఒక మాట. నడిస్తే పగిలే పలచటి మంచుకు ఒకటి. నాలుగోది మొదలుపెట్టి ఆగింది. పెదవులు కదిలాయి గాని ఆ మాట గుర్తుకు రాలేదు.

బస్సు వచ్చింది. ఐలి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఎక్కింది. వెనక్కి చూడలేదు.

బెంచీ మీద రసీదు ఉండిపోయింది, మూడు మాటలతో, నాలుగో మాట తాలూకు ఒక్క అక్షరంతో. దాని మీద తడి మంచు పడుతోంది.