నాగూర్ వలి కారులో ఛార్జింగ్ పాయింట్

పొద్దున్నే కారు కడగడం, చెల్లెలు నజీమాను ఆసుపత్రి దగ్గర దింపడం, అక్కణ్ణించి టాక్సీ స్టాండుకు పోయి టీ తాగుతూ బేరం కోసం చూడటం. నరసరావుపేటలో నాగూర్ వలి రోజు ఇట్లానే మొదలవుతుంది. నజీమా ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది, వచ్చినవాళ్ళ దగ్గర రక్తం తీసి పరీక్షలు చేస్తుంది. అమ్మా నాన్నా పోయాక ఆ పిల్లని చదివించి ఇంతదాన్ని చేసింది వలీ, అతని భార్య ఖైరున్నీసానే.

కారు తెల్లది, పాతది. గుంటూరులో సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఇంజను మంచిది, ఏసీ పర్వాలేదు. గేరు రాడ్డు ముందున్న ప్లాస్టిక్ డబ్బాలో ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే పాయింటు ఒకటుంది. దానికి కరెంటు బ్యాటరీ నుంచి రాదు. ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చున్న మనిషి మనసులో నుంచి వస్తుంది. మనసు బాగుంటే ఫోను ఎక్కుతుంది. బాగాలేకపోతే ఎక్కదు. మరీ బాగాలేకపోతే ఉన్నది కూడా దిగిపోతుంది. కొన్ని కార్లకు హారన్ సరిగా మోగదు, కొన్నిటికి తలుపు విసిరికొడితే తప్ప పడదు, ఈ కారు సంగతి ఇది. అమ్మినాయన కూడా దాచలేదు, బేరం ఆడేటప్పుడే చెప్పాడు.

కాబట్టి ముందు సీట్లో ఎవర్ని కూర్చోబెట్టాలనేది వలి తనే చూసుకునేవాడు. కోటప్పకొండ మీద దర్శనం చేసుకుని దిగొచ్చినవాళ్ళలో ఎక్కువ నవ్వుతున్న మనిషి ముందుకు. కాన్పు అయిన ఇంటికి బిడ్డను తీసుకెళ్తుంటే అమ్మమ్మ ముందుకు. అమ్మమ్మ కూర్చుంటే సత్తెనపల్లి చేరేలోగా ఫోను నిండిపోయేది. కోర్టు నుంచి వచ్చేవాళ్ళని మాత్రం వెనకే కూర్చోబెట్టేవాడు. ఒకసారి పొలం దావా ఓడిపోయినాయన వద్దన్నా వినకుండా ముందెక్కాడు. ఫిరంగిపురం దాటకముందే ఫోను ఆరిపోయింది.

ఇందులో సుఖముంది, కాదనలేం. కానీ నాగూర్ వలికి దీనివల్ల ఒక పాడు అలవాటు పట్టుకుంది. మనుషుల్ని ఎట్లా ఉన్నారని అడగడం మానేశాడు. అడిగితే వాళ్ళు బాగున్నామనే అంటారు, ఫోను చూస్తే నిజం తెలుస్తుంది, ఇక అడగడం దేనికని అతని వాదన. ఇంట్లోవాళ్ళ సంగతి కూడా ఫోను చూసే తెలుసుకునేవాడు. అడగని మనిషికి చెప్పడం ఎవరికీ అలవాటు కాదు గనక, ఆ ఇంట్లో నోటిమాట కాస్త తగ్గింది.

అట్లా ఉండగా నజీమాకు మాచర్ల సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు పేరు సుభానీ. బస్టాండు దగ్గర కళ్ళద్దాల షాపు నడుపుతాడు. వలి, ఖైరున్నీసా, నజీమా ముగ్గురూ కారులో వెళ్ళారు. వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళిద్దరూ వెనక కూర్చున్నారు. అక్కడ టీలూ పలహారాలూ అయ్యాయి, పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు, పెళ్ళికొడుకూ నజీమా కూడా నాలుగు ముక్కలు మాట్లాడుకున్నారు. శుక్రవారం నమాజు అయ్యాక ఏ సంగతీ ఫోన్ చేసి చెబుతామని వలి మాటిచ్చి లేచాడు.

తిరిగొచ్చేటప్పుడు నజీమాను కావాలనే ముందు సీట్లో కూర్చోమన్నాడు. ప్లగ్గు పెట్టి ఫోను తగిలించాడు. రెంటచింతల వచ్చింది, గురజాల వచ్చింది, పిడుగురాళ్ళ వచ్చింది. ఫోను ఒక్క గీత ఎక్కలేదు. వలి మొహం మాడిపోయింది. ప్లగ్గు కాస్త ఊగుతున్న మాట నిజమే, అతనూ చూశాడు. కానీ కరెంటు మనిషిలో నుంచి వచ్చే కారులో ప్లగ్గు ఊగితే ఏమవుతుందిలే అనుకున్నాడు. పాయింటుకు బ్యాటరీ కరెంటు వచ్చే కారు నడిపేవాడెవడూ చేయని తప్పు అది.

ఇంటికొచ్చాక ఖైరున్నీసా అడిగింది. "ఏమే నజీమా, అబ్బాయి నచ్చాడా?"

నజీమా అన్న మొహం చూసింది. ఆ మొహం ఎట్లా ఉందో చెప్పాం కదా. తల దించుకుని, "మీ ఇష్టం వదినా" అంది.

పిల్ల మర్యాద కోసం అంటోంది, నిజం ఫోను చెప్పేసింది అనుకున్నాడు వలి. ఆ తర్వాత కూడా రోజూ పొద్దున నజీమా ముందు సీట్లోనే కూర్చుంది. రోజూ ఫోను ఎక్కలేదు. ఆ వారం బేరాలన్నీ కోర్టువాళ్ళవే, అందరూ వెనకే కూర్చున్నారు. దాంతో అతనికి అనుమానం కూడా మిగల్లేదు. ఈ సంబంధం చేస్తే పిల్ల జీవితాంతం ఇట్లానే ఉంటుందని గుండెలో రాయి పడింది. ఇష్టంలేని చోటికి దాన్ని పంపేకంటే మాచర్ల వాళ్ళచేత నాలుగు మాటలు పడటమే నయమని నిశ్చయించుకున్నాడు.

మధ్యలో ఒకరోజు ఖైరున్నీసాను కూరగాయల బజారుకు తీసుకెళ్ళాడు. అప్పుడూ ఫోను ఎక్కలేదు. వలి హడలిపోయాడు. ఆ సాయంత్రం మల్లెపూలు తెచ్చాడు. మర్నాడు మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. కూరలో ఉప్పెక్కువైనా బాగుందన్నాడు. ఖైరున్నీసా పూలు పెట్టుకుంది, బజ్జీలు తింది, చివరికి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏందయ్యా నీ వరస? ఏమన్నా తప్పు చేశావా?"

"తప్పేం లేదు. నువ్వు బాగుండాలని."

"నేను బానే ఉన్నా. నీకే ఏదో అయింది."

అంత స్పష్టంగా చెప్పినా అతను నమ్మలేదు. నమ్మకం పెట్టుకున్నచోటు వేరు మరి.

శుక్రవారం పొద్దున పత్తి వ్యాపారి కామేశం కారెక్కాడు. చిలకలూరిపేట పోయి రావాలి. కామేశం ఎప్పుడూ ముందు సీటే. పత్తి రేటు ఎట్లా ఉంటే ఫోను అట్లా ఎక్కుతుంది. ఆ వేళ రేటు బ్రహ్మాండంగా ఉంది. మనిషి సీట్లో కుదురుగా లేడు, పాటలు కూడా పాడుతున్నాడు. ఫోను మాత్రం ఎక్కలేదు సరికదా, తిరుగుదారిలో ఆరిపోయింది.

"సేటూ, మనసులో ఏమన్నా బాధుందా?" అన్నాడు వలి జాలిగా.

కామేశానికి మండింది. "నాకు బాధేందయ్యా? ఇట్టాంటి రేటు చూసి ఎన్నాళ్ళయింది? నీ పాయింటే చెడింది, చూపించుకో" అంటూ ప్లగ్గును బొటనవేలితో గట్టిగా నొక్కాడు. ప్లగ్గుతో పాటు పాయింటు మొత్తం టకామని డబ్బాలోకి పడిపోయింది. అక్కడ గుండ్రటి బొక్క మిగిలింది. ఇద్దరూ కాసేపు ఆ బొక్కలోకి చూశారు.

కామేశాన్ని దింపి, మసీదుకు పోయి నమాజు చేసుకుని బయటికొచ్చాక మాచర్లకు ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాడు వలి. ఫోను చచ్చి ఉంది. ఇంతలో నజీమా డ్యూటీ దిగే వేళయింది. ఆమెను ఎక్కించుకుని, దారిలోనే ఉందిగదా అని నౌషాద్ షెడ్డు ముందు కారు ఆపాడు.

నౌషాద్ కార్లకు కరెంటు పనులు చేస్తాడు. వలి కంటే చిన్నవాడు, వాళ్ళ వీధివాడే. బొక్కలోకి టార్చి కొట్టి చూసి, నజీమా దిగబోతుంటే ఆపాడు.

"దిగమాక నజీమా, కూర్చో. నువ్వు దిగితే నేను టెస్ట్ చేసేది ఎట్టా?"

ఆమె అట్లాగే కూర్చుంది. నౌషాద్ స్క్రూడ్రైవరు మొనకు గుడ్డ చుట్టి, గీతలు పడకుండా డబ్బా అంచుల్లో దూర్చి పైమూత ఊడదీశాడు. లోపలికి చెయ్యి పెట్టి పాయింటును పైకి లాగాడు. దాన్ని వెనక నుంచి పట్టి ఉంచే ప్లాస్టిక్ రింగు రెండు ముక్కలై ఉంది. పాయింటు ఉన్నచోటే గిరగిరా తిరిగినట్టుంది, వైర్లు మెలిపడి నల్ల వైరు కొస ఊడిపోయింది.

"ఇది ఈ రోజు పోయింది కాదు భాయ్. లోపల దుమ్ము జూడు." నౌషాద్ రింగు ముక్క మీద వేలు రాసి చూపించాడు. వేలు తెల్లగా అయింది. "సున్నం. పిడుగురాళ్ళ బట్టీల దగ్గర గతుకులో ఎగిరిపడి ఉంటావ్. రింగు అక్కడే పగిలింది, ఆ దుమ్మంతా లోపలికి పోయింది. ఈ మధ్య అటేపు పోయావా?"

"మాచర్ల పోయాంగా," అన్నాడు వలి. "పోయేటప్పుడు బట్టీల కాడ ఎత్తేసింది." మాట నోటి నుంచి వచ్చింది గానీ దాని అర్థం బుర్రకెక్కలేదు. అతని ఆలోచనంతా మాచర్లకు ఏమని చెప్పాలా అన్నదాని మీదే ఉంది.

నౌషాద్ పాత సామాన్ల డబ్బా వెతికి ఇంకో రింగు తీశాడు. పాయింటు చుట్టూ నల్ల టేపు చుట్టి రింగు బిగించాడు. నల్ల వైరు కొసను పట్టకారతో నొక్కి తగిలించాడు. చేత్తో ఊపి చూస్తే పాయింటు కదల్లేదు. రెండు వైర్ల టెస్ట్ బల్బు తెచ్చి అందులో పెట్టాడు. బల్బు సన్నగా వెలిగింది.

"డ్యూటీ దిగొచ్చిన మనిషికి ఈ మాత్రం చాల్లే. పని అయిపోయినట్టే," అన్నాడు.

వలి బల్బు వంక చూడను కూడా లేదు. "నౌషాదూ, నీ ఫోన్ ఒకసారి ఇట్టియ్యి. మాచర్లకి మాట్లాడాల. ఈ సంబంధం మాకొద్దని చెప్పేస్తే ఒక పనైపోద్ది."

బల్బు ఆరిపోయింది.

"ఇదేంది, ఇప్పుడే గదా బిగించింది," అంటూ నౌషాద్ వంగి వైర్లు కదిపాడు. గట్టిగానే ఉన్నాయి. రింగు తిప్పి చూశాడు. అదీ గట్టిగానే ఉంది. అతను నెమ్మదిగా తలెత్తి నజీమా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుని స్క్రూలు ఏరుకోసాగాడు.

వలికి అప్పుడు ఒక్కటొక్కటిగా అర్థమైంది. రింగు పగిలింది పోయేటప్పుడు. నజీమా ముందు కూర్చుంది వచ్చేటప్పుడు. ఇన్నాళ్ళూ తను చూసి కుమిలిపోయింది పిల్ల దుఃఖం కాదు, ఊడిపోయిన వైరు. తన ఫోనులో కాస్త ఛార్జింగు మిగిలి ఉంటే ఈపాటికి పని జరిగిపోయేది.

అతను ఆరిపోయిన బల్బు వైపు వంగాడు. "వద్దని చెప్పేదా? లేకపోతే సరేనని..."

"బల్బుని అడుగుతావేంది అన్నా?" అంది నజీమా. "నేనిక్కడే ఉన్నాగా."

వలి నిటారుగా నిలబడ్డాడు. చెల్లెలి మొహంలోకి చూశాడు. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, కోపం కూడా ఉంది. అడగడం మానేసి చాలాకాలమైంది గనక మాట తేలిగ్గా రాలేదు.

"ఆ అబ్బాయి నీకు నచ్చాడా అమ్మా?"

"నచ్చాడు."

"మరి ఆ రోజు చెప్పలేదే?"

"నువ్వు అడిగావా? ముందు సీట్లో కూర్చోబెట్టావ్ అంతే. దారంతా చావుకబురు విన్నోడిలాగా మొహం పెట్టావ్. నీకు నచ్చలేదనుకున్నా. నీకు నచ్చని చోటికి నేనెట్టా పోతా?"

వలికి సిగ్గేసింది. "ఏం నచ్చింది?" అని అడిగాడు. ఈసారి కొంచెం తేలిగ్గానే వచ్చింది.

నజీమా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నేనేం పని చేస్తానో చెప్పా. అమ్మో, సూది చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయండీ అన్నాడు. అంతమంది పెద్దోళ్ళ ముందర, పెళ్ళిచూపుల్లో, ఏమాత్రం దాచుకోకుండా. రోజూ ఎంతమంది మగాళ్ళను చూస్తా ల్యాబులో? అందరూ భయపడేవాళ్ళే, ఒక్కడూ ఒప్పుకోడు. ఇతనైతే దేన్నైనా నోటితో చెబుతాడనిపించింది."

ఆ ఆఖరి మాట ఎవరికి తగలాలో వాళ్ళకు తగిలింది. నౌషాద్ పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. బల్బు ఎప్పుడు వెలిగిందో ఎవరూ చూడలేదు గానీ, గేరు రాడ్డూ సీటు కవర్లూ దాని వెలుగుకు పట్టపగలే పచ్చగా కనిపిస్తున్నాయి.

వలి నౌషాద్ ఫోన్ తీసుకుని, జేబులో చీటీ చూసి మాచర్ల నంబరు నొక్కాడు. అవతల సుభానీ వాళ్ళమ్మ ఎత్తింది. వలి సలాం చెప్పి, ఆలస్యమైనందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. "మాకు ఇష్టమేనమ్మా," అన్నాడు. తర్వాత, "ఎప్పుడు, ఎట్టా అన్నది పిల్ల చెబుద్ది. మీరు దాన్తోనే మాట్లాడండి," అని ఫోన్ నజీమా చేతికిచ్చాడు.

ఇవ్వడమైతే ఇచ్చాడు గానీ, అక్కడ నిలబడితే కళ్ళు బల్బు మీదికే పోతాయని అతనికి తెలుసు. నడుచుకుంటూ షెడ్డు బయటికి పోయి, కారుకు వీపు పెట్టి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. పత్తి బోరాల లారీ ఒకటి వెళ్ళింది. వెనక మాటలు వినపడుతున్నాయి గానీ ఏమంటున్నదీ తెలియడం లేదు. నజీమా ఒకసారి నవ్వింది. అతను తిరగలేదు.

"భాయ్, ఇటు జూడు, బల్బు ఎట్టుందో," అన్నాడు నౌషాద్ ఆగలేక.

"నేను చూడను. దాన్ని మాట్లాడుకోనియ్యి."

కాసేపటికి నజీమా ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి కిటికీలో నుంచి తల బయటపెట్టింది. "అన్నా, వచ్చే ఆదివారం వాళ్ళని రమ్మంటున్నా. బక్రీదు తర్వాత నిఖా పెట్టుకుందామంటున్నారు." గొంతు తగ్గించింది. "పొద్దున పూట కారులో ఇక ఒక్కడివే పోవాల నువ్వు. పర్లేదా?"

నాగూర్ వలిని అట్లాంటి మాట అంతకుముందు ఎవరూ అడగలేదు. డ్రైవరు సీటుకు వైరేమీ లేదు, అతని మనసు ఎట్లా ఉందో ఏ ఫోనూ చెప్పేది కాదు. అతను మామూలుగా అలవాటు కొద్దీ పర్లేదనబోయి, ఆగాడు.

"పర్లేదని ఎట్టా అంటానమ్మా, చానా బాధగా ఉంటది," అన్నాడు. మిగతాది కూడా చెప్పాడు. "అంతకంటే సంతోషంగా ఉంటది. రమ్మను వాళ్ళని."

నజీమా అతన్ని కాసేపు చూసి, ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుని, ఆదివారం రమ్మని చెప్పింది.