నూట నలభై ఏడో బావి

రెండు వందల పన్నెండు బావుల్లో ఒక్కటి మాత్రం తన చోటు వదిలి ఎక్కడో కూర్చుంది. జాబితాలో దాని వరస నూట నలభై ఏడు.

దేవిప్రియ కోవిల్‌పట్టి అమ్మాయి. తల్లి తంగమ్మాళ్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పెట్టెలకు కాగితం అతికిస్తుంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ ఏడాది, అంటే 2003లో, దేవిప్రియ విరుదునగర్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎం.ఇ. చివరి సంవత్సరం చదువుతోంది. రోజూ పొద్దున్నే బస్సు, సాయంత్రం మళ్ళీ బస్సు. ఆమె పరిశోధన క్లస్టరింగ్ మీద.

పని చెప్పడానికి తేలికే. రెండు జిల్లాల బావుల నీటిని ప్రభుత్వం ఎప్పుడో పరీక్ష చేయించింది. ఒక్కో బావికి ఆరు అంకెలు: ఉప్పు ఎంత, ఫ్లోరైడ్ ఎంత, కాఠిన్యం ఎంత, ఇలా. ఊరి పేరు, అది ఎక్కడుందన్న సంగతి ప్రోగ్రాంకు చెప్పరు. ఆరు అంకెలూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్న బావులను అదే ఏరి గుంపులు కట్టాలి. దేవిప్రియ ప్రోగ్రాం అయిదు గుంపులు కట్టింది. వాటిని మ్యాపు మీద రంగులతో గుర్తు పెడితే సముద్రం వైపు బావులన్నీ ఒకచోట, నల్లరేగడి బావులన్నీ ఒకచోట, శ్రీవిల్లిపుత్తూరు అవతల కొండ కింద తియ్యనీళ్ళ బావులన్నీ ఒకచోట పడ్డాయి. మనిషి చేత్తో గీసినట్టే ఉంది.

ఒక్క నూట నలభై ఏడు తప్ప. అది విళాత్తికుళం పక్కన కంబళియార్‌పట్టి అనే చిన్న ఊరి బావి. చుట్టూ ఎటు చూసినా రేగడి. ప్రోగ్రాం మాత్రం దాన్ని తీసుకెళ్ళి కొండ కింద బావులతో కలిపింది.

ఆమె గైడు మాధవన్ సార్ ఆ కాగితం చూసి కళ్ళజోడు తీశారు. మంచి మనిషే, కానీ పేపరు పంపడానికి గడువు నెలరోజులే ఉంది.

"విడిగా పడిన పాయింటు. తీసేసి మిగతా వాటితో ముగించమ్మా."

"ప్రోగ్రాంను ప్రతిసారీ వేరే చోట మొదలుపెట్టి రెండు వందల సార్లు నడిపాను సార్. రెండు వందల సార్లూ అది కొండ కిందికే పోయింది. నా ప్రోగ్రాంలో తప్పుంటే ఒక్కసారైనా తడబడేది."

"అయితే తప్పెక్కడంటావు?"

"తెలీదు సార్. శనివారం వెళ్ళి చూసొస్తాను."

విళాత్తికుళంలో బస్సు దిగి, మరో బస్సెక్కి, ఆపైన రెండు మైళ్ళు నడిచింది. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఊరి బయట బావి దగ్గర నలుగురు ఆడవాళ్ళు నీళ్ళు తోడుతున్నారు. దేవిప్రియ సంచీలోంచి సీసాలు తీసి, తమిళంలో, ఈ ఊరి బావి ఇదేనా అని అడిగింది.

అందరిలో పెద్దావిడ తమిళంలో అవునని చెప్పి, పక్కామెతో తెలుగులో అంది. "ఎవురో ఆపీసు పాప. సీసా ఎత్తుకోని వచ్చినాది. ఇదీ మంచి నీళ్ళని రాసుకోని పోతాది, చూస్తా ఉండు."

"నేను ఆపీసు కాదు పెద్దమ్మా," అంది దేవిప్రియ తెలుగులోనే. "కోవిల్‌పట్టి. చదువుకుంటా ఉండాను. మేమూ ఇంట్లో తెలుగే మాట్లాడేది."

ఆవిడ చేతిలో చేంతాడు ఆగిపోయింది. కాసేపు ఆ అమ్మాయి ముఖం చూసి, చెంబుతో నీళ్ళిచ్చింది. దేవిప్రియ ఒక గుక్క తాగింది. నాలుక మీద ఉప్పగా, గరగరగా ఉంది. అంకెల ప్రకారం ఇది తియ్యనీళ్ళ బావి.

ఆవిడ పేరు సుబ్బమ్మాళ్. దేవిప్రియ బావి నీళ్ళు ఒక సీసాలో నింపుకున్నాక ఇంటికి తీసుకెళ్ళింది. మోకాళ్ళు వంగవు, కూర్చోవాలంటే గోడ పట్టుకోవాలి. చిన్న కూతురు ఇసక్కిసెల్వి నవ్వొస్తే చేత్తో నోరు మూసుకుంటుంది. పళ్ళ మీద గోధుమరంగు చారలు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళందరివీ అలాంటి పళ్ళే.

"మూడు తూర్లు మను ఇచ్చినాము," అంది సుబ్బమ్మాళ్, అర్జీ అని అర్థం. "చుట్టూర ఊర్లకంతా పైపు వచ్చినాది. మాకు మాత్రం లేదనేసినారు. మీ ఊరి నీళ్ళు మంచివని కాగితంలో ఉండాది, మీకెందుకు పైపు అంటారు. ఆ కాగితం ఎవురు రాసినారో ఏమో."

దేవిప్రియ నోటుబుక్కు తెరిచింది. "ఈ ఊరి సీసా నింపింది తొంబై ఎనిమిది అక్టోబరు ఇరవై ఎనిమిది. ఐప్పసి నెల పదకొండు. ఆ పొద్దు ఎవురు వచ్చినారో నెనపు ఉండాదా పెద్దమ్మా?"

ఐప్పసి పదకొండు అనగానే సుబ్బమ్మాళ్ ముఖం మారింది. గోడకు ఆనుకుంది. ఇసక్కిసెల్వే నెమ్మదిగా, "అది అక్క పెండ్లి రోజు" అంది.

ఆ తరువాత సుబ్బమ్మాళ్ చెప్పింది. పెద్ద కూతురు కాళీశ్వరిని శ్రీవిల్లిపుత్తూరు అవతల కొండ కింద తోటలున్న ఇంటికి ఇచ్చారు. మగపెళ్ళివాళ్ళు అరటాకులతో, పాలకోవాతో పాటు లారీలో నాలుగు డ్రమ్ముల నీళ్ళు తెచ్చారు. ఈ ఊరి నీళ్ళతో పప్పు ఉడకదని వాళ్ళకు ఎవరో చెప్పారట. ఆ మాట అందరి ముందూ అన్నారు.

"ఆ పొద్దే సీసాల మనిషి వచ్చినాడు. రేత్రంతా వాన. బాయి కాడికి పోయే దోవలో బురద ముణుకుల దాకా ఉండాది. పెండ్లి ఇంటికి వచ్చినోణ్ణి బురదలోకి పంపేదెట్లా? బోంచేసి పో అయ్యా, సీసా నేను నింపి ఇస్తాననింటిని." ఆవిడ కొంగు చేతిలోకి తీసుకుంది. "మా ఊరి నీళ్ళు మట్టమని, పనికిరావని ఆ పొద్దే ఒక తూరి అనిపించుకోని ఉండాను. ఇంగొగడు కూడా అనకూడదని డ్రమ్ములో నీళ్ళు ముంచి ఇచ్చినాను. ఇంత పని అవుతాదని నాకేం తెలుసు? అయిదేండ్లు. ఊరంతటికీ నేనే చేసినానే పాపా."

ఊరి పేరు కూడా తెలియని ప్రోగ్రాం ఆ నీళ్ళు ఎక్కడివో సరిగ్గా చెప్పింది. ఆ సంతోషం గుండెల్లో ఉండగానే ఎదురుగా ఉన్న మనిషి ఏడుస్తోంది. దేవిప్రియ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది.

"చేసింది నువ్వు కాదు పెద్దమ్మా. బాయిలో సీసా ముంచాల్సింది ఆ మనిషి. ముంచినానని రాసినాడు. దీన్ని సరి చెయ్యొచ్చు. నువ్వు ఇప్పుడు చెప్పినావే, దాన్ని ఆపీసులో చెప్తావా?"

సుబ్బమ్మాళ్ కొంగుతో ముఖం తుడుచుకుంది. "చెప్తాను. ఎక్కడైనా చెప్తాను."

సోమవారం మాధవన్ సార్ కథంతా విన్నారు. పేపరు సంగతి ఎత్తలేదు. "ఆ మగపెళ్ళివాళ్ళ బావి నీళ్ళు కూడా తెస్తే వాదన పూర్తవుతుంది," అన్నారు. మరుసటి ఆదివారం ఆయనే స్కూటరు తీశారు. కాళీశ్వరి తన అత్తగారింటి బావిలో సీసా ముంచి ఇచ్చింది.

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో రెండు సీసాలకూ పరీక్ష చేశారు. కాళీశ్వరి ఇచ్చిన నీళ్ళలో ఫ్లోరైడ్ సున్నా పాయింటు నాలుగు. మిగతా అంకెలు కూడా పాత రికార్డులోని నూట నలభై ఏడుకు దాదాపు అతికినట్టున్నాయి. కంబళియార్‌పట్టి బావిలో ఫ్లోరైడ్ మూడు పాయింటు తొమ్మిది. తాగే నీటికి హద్దు ఒకటిన్నర; అది దాటితే పళ్ళూ కీళ్ళూ దెబ్బతింటాయి. కొత్త అంకెలు ఇచ్చి ప్రోగ్రాం నడిపితే నూట నలభై ఏడో బావి మారుమాట లేకుండా రేగడి గుంపులోకి వచ్చి చేరింది.

నీటి సరఫరా ఆఫీసులో ఇంజనీరు మ్యాపును తిప్పితిప్పి చూశాడు. "కంప్యూటర్ చెప్పిందని రికార్డు మార్చడం కుదరదమ్మా," అన్నాడు.

దేవిప్రియ జవాబు చెప్పేలోపే సుబ్బమ్మాళ్ గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఆమె తమిళంలో, తొణక్కుండా మాట్లాడింది. "కంప్యూటర్ చెప్పిందని మార్చొద్దయ్యా. నేను చెబుతున్నాను. ఆ సీసా నింపిన చెయ్యి ఇదే. అది మా బావి నీరు కాదు. నమ్మకపోతే మీరే వచ్చి, మీ చేత్తో ముంచి తీసుకుపోండి. ఈసారి మా ఊళ్ళో ఎవరూ మీ సీసా ముట్టుకోరు."

ఇంజనీరు ఆమెను చూశాడు, తరువాత మ్యాపులో ఒంటరిగా ఉన్న ఆ చుక్కను చూశాడు. "గురువారం వస్తాను," అన్నాడు.

మాట ప్రకారం వచ్చాడు. తనే చేద వేశాడు. ఫ్లోరైడ్ నాలుగు పాయింటు సున్నా తేలింది. మరుసటి ఏడాది ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఊళ్ళోకి పైపు వచ్చింది. గట్టిపడిన మోకాళ్ళు మెత్తబడవని, చారలు పడిన పళ్ళు తెల్లబడవని డాక్టరు ముందే చెప్పాడు. సుబ్బమ్మాళ్‌కూ ఆ సంగతి తెలుసు. ఇక ఊళ్ళో పుట్టబోయే వాళ్ళకు ఈ బాధ ఉండదని మాత్రం వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

వైవాలో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు దేవిప్రియను ఒకే ప్రశ్న అడిగాడు. "గుంపులో ఇమడని పాయింటు కనిపిస్తే మీ పద్ధతి ఏం చేస్తుంది?"

"అన్నిటికంటే ముందు దాన్ని ప్రింటు చేస్తుంది సార్. ఊరి పేరుతో సహా. తరువాత మనిషి వెళ్ళి చూడాలి."

"ఎన్ని ఊళ్ళకని వెళ్తారు?"

"హద్దు ఇంకా బిగించి మళ్ళీ నడిపితే కొత్తగా తొమ్మిది తేలాయి సార్. ఎక్కువేం కాదు."

ఆయన నవ్వి సంతకం పెట్టాడు. ఆ తొమ్మిదీ చూడడానికి రెండు నెలలు పట్టింది. ఆరు బావుల్లో నీళ్ళు నిజంగానే వేరే రకం. రికార్డులో రాసింది సరైనదే. మిగతా మూడింటిలో మాత్రం సీసాలు తప్పు. ఆ మూడు ఊళ్ళ పేర్లూ కాగితం మీద రాసుకుని, పరీక్ష ఫలితాలు జతచేసి, దేవిప్రియ, మాధవన్ సార్ మళ్ళీ అదే ఇంజనీరు దగ్గరికి వెళ్ళారు. ఈసారి ఆయన మ్యాపు అడగలేదు. ఏ రోజు బయల్దేరదామని అడిగాడు.