కుర్చీ కింద నేల

ఆ ఆఫీసులో నేల ఊడిస్తే లేస్తుంది, ఊడవకపోతే దిగుతుంది. కట్టినప్పటి నుంచీ అంతే. ఊడ్చేది ఓ ఇంటి పెద్దకోడలు. రోజూ పొద్దున్నే గదిగదికీ తిరిగి "కాళ్లు" అంటుంది. కూర్చున్నవాళ్లు తల తిప్పకుండానే కాళ్లెత్తుతారు. నేల తన మట్టానికి వస్తుంది, ఎవరి పని వాళ్లు చేసుకుంటారు.

ఈమధ్యే ముందు గదిలో, వచ్చినవాళ్లని పలకరించే కుర్చీలోకి ఆమె తోడికోడలు చేరింది. ఇక ఇంట్లో అత్తగారు మొదటి టీ గ్లాసు చిన్నకోడలికే ఇవ్వడం మొదలుపెట్టింది. "పాపం, పొద్దస్తమానం కూర్చుని నడుం పట్టేసి ఉంటుంది" అంటుంది. వంగి వంగి ఊడ్చిన నడుం ఆవిడకి గుర్తురాదు. పెద్దకోడలికి ఒళ్లు మండిపోయేది. ఆ కుర్చీని, దాని చక్రాలని, దాని వీపున పరిచిన తువ్వాలుని చూసి కుళ్లుకునేది.

అదైనా ఓర్చుకునేదేమో. ఒకరోజు "కాళ్లు" అంటే, ఫోన్లో మాట్లాడుతున్న చిన్నది కూడా అందరిలాగే తల తిప్పకుండా కాళ్లెత్తింది.

ఆ రోజు నుంచి పెద్దకోడలు ఆ కుర్చీ కింద ఊడవలేదు.

కుర్చీ దిగసాగింది. కొన్నాళ్లు చిన్నది బల్ల మీద గడ్డం ఆనించి మాట్లాడింది. తర్వాత కొప్పు ఒక్కటే కనిపించింది. వచ్చినవాళ్లు బల్ల మీంచి వంగి, కావలసింది అడిగి వెళ్లేవారు. మేనేజరు మాత్రం "ఇక్కడ మనిషే కనబడటం లేదు, రేపటి నుంచి ఈ ఉద్యోగం తీసేద్దాం" అన్నాడు.

పెద్దకోడలికి కసి తీరాలి. తీరలేదు. అందరూ వెళ్లాక గుంటలోకి తొంగి చూసింది. చిన్నది తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. అక్కడి నుంచి చూడటానికి ఇంకేమీ లేదు.

"అక్కా, నా కింద ఊడవడం మానేశావు కదూ?"

"మానేశాను. నువ్వంటే కుళ్లు నాకు."

"నాకూ నువ్వంటే కుళ్లే. నువ్వు ఒక్కరోజు రాకపోతే ఆఫీసంతా గుంటలో పడుతుంది. నేనింత లోతుకి పోతే ఏమైందని ఒక్కరూ అడగలేదు."

పెద్దకోడలు చీపురు తీసుకుని గుంటలోకి దిగింది. కుర్చీ మెల్లగా సగం దాకా పైకొచ్చింది. చిన్నది లేచి చీపురు లాక్కుంది.

"నువ్వు కూర్చో. కాళ్లెత్తు అక్కా" అంది, మొహంలోకి చూస్తూ.

పెద్దకోడలు కూర్చుని కాళ్లెత్తింది. చిన్నది ఊడిస్తే నేల ఓ పక్కకి ఒరిగి లేచింది.

"ఆ మూల వదిలేశావు" అంది పెద్దకోడలు, కాస్త గర్వంగానే.

మర్నాడు బల్ల వెనక మనిషి కనబడేసరికి మేనేజరు ఉద్యోగం తీసేసే సంగతే మరిచిపోయాడు. అప్పటి నుంచి తోడికోడళ్లు రోజుకొకరు ఊడుస్తారు, రోజుకొకరు కూర్చుంటారు. రెండు జీతాలూ ఒకే డబ్బాలో వేసుకుంటారు. మొదటి గ్లాసు ఎవరికివ్వాలో తేలక అత్తగారు తనే తాగేస్తోంది. మేనేజరు మాత్రం కుర్చీలో ఉన్నావిడకి నమస్కారం పెట్టి, చీపురు పట్టుకున్నావిడని తప్పుకుని పోతాడు. మనుషులు మారుతున్నారని ఆయనకి ఇప్పటికీ తెలియదు.