పచ్చిగోధుమల వారం

నాలుగేళ్ల డిగ్రీ మొత్తం ఒక్క బల్ల మీద పరిచి ఉంది. మట్టి, నీళ్లు, విత్తనం, సంత, చట్టం: ఒక్కో పాఠానికి ఒక్కో చీటీ. సుస్థిర ఆహార వ్యవస్థల మీద ఆ కాలేజీ మొదలుపెట్టబోయే డిగ్రీకి ప్రణాళిక మధ్యాహ్నంలోగా పంపాలి. చీటీలన్నీ గళ్లలో కుదురుకున్నాయి. ఒక్కటి మాత్రం ఇంతిసార్ చేతిలో మిగిలిపోయింది.

‘ఫ్రీకే: పచ్చిగోధుమ కంకుల్ని కాల్చి గింజ తీయడం. పొలంలో ఎనిమిది రోజులు. మే పద్నాలుగు నుంచి.’

"మేలో పరీక్షలు టీచరమ్మా," అన్నాడు మున్‌జిర్. ఒకప్పుడు ఆమె పేపర్లో తప్పిన కుర్రాడే, ఇప్పుడు ఆమెకు పైఅధికారి. "అక్టోబర్లో పెట్టుకోండి. గింజలు సంచిలో తెప్పించి చూపిద్దాం."

"సంచిలోవి చూపించడానికి నేనెందుకు? కిరాణా కొట్టు అబూ వాసిఫ్ చాలడూ?"

"మీతో వాదించి నేనెప్పుడు నెగ్గాను గనక! కానీ గడి ఖాళీ లేదు. దీన్ని ఉంచాలంటే ఇంకోటి తీసెయ్యాలి. మధ్యాహ్నానికి చెప్పండి."

అతను కాఫీకి వెళ్లాడు. ఇంతిసార్ కిటికీ దగ్గర నిలబడింది.

అప్పుడు ఆమెకు పదకొండేళ్లు. భూగోళం పరీక్ష. నానమ్మ హస్నా బడి గేటు దాకా వచ్చి, "గింజలో పాలు గట్టిపడ్డాయి, గాలి తగ్గింది, కాల్చడం ఇవాళే. పిల్లని పంపండి," అని అడిగింది. పెద్ద టీచరు పంపలేదు. చివరి వరసలో ఉన్న పినతండ్రి కూతురు సబీహా మాత్రం పేపరు అక్కడే పడేసి పరిగెత్తింది. కాసేపటికి కొండ మీద ముళ్లకంప పొగ లేచింది. పచ్చికంకులు కాలే ఆ వాసన తరగతి గదిలోకి వచ్చింది. ఇంతిసార్ కలం ఆగింది, మళ్లీ కదిలింది. లితానీ నది ఎక్కడ పుట్టిందో రాసింది. ఆమెకే మొదటి మార్కు.

సాయంత్రం సబీహా మూతి నిండా మసితో వచ్చి, దోసెడు వేడి గింజలు ఆమె ఒళ్లో పోసింది. మరుసటి ఏడు ఆ పొలం చెక్కలో పొగాకు వేశారు. ఆ తర్వాతి చలికాలం నానమ్మ లేదు.

ఫ్రీకే మీద ఇంతిసార్ ఆరు వ్యాసాలు రాసింది. గింజలో ఎంత తేమ ఉన్నప్పుడు కోయాలో అంకెతో సహా చెప్పగలదు. ఎవరడిగినా, నానమ్మ దగ్గర నేర్చుకున్నానని చెప్పేది. ఎన్నోసారి చెప్పినప్పుడు అది నిజమైపోయిందో ఆమెకే తెలియదు. మంటలో కంకుల్ని ఏ క్షణంలో తిరగెయ్యాలో ఆమె చేతులకు తెలియదు. ఈ చీటీని ఇంతగా పట్టుకున్నది పిల్లల కోసమేనా? ఆ కిటికీ పక్కన కూర్చున్న పదకొండేళ్ల పిల్లను ఇన్నాళ్లకు బయటికి పంపుదామనా?

రెండోది అనిపించగానే చీటీ తీసి పారేద్దామనుకుంది. చెయ్యి రాలేదు. రేపు వచ్చే పిల్లలు కూడా ఇలాగే అంకెలు నేర్చుకొని, నేర్చుకున్నామనుకుంటారు.

ఊళ్లో ఇప్పటికీ ఫ్రీకే కాల్చే సబీహాకు ఫోన్ చేసింది.

"పద్నాలుగా?" సబీహా పడీపడీ నవ్వింది. "ఆ తారీకు గోధుమలకు చదివి వినిపించావా అక్కా? గింజ నొక్కి చూస్తే గానీ నాకే తెలీదు. నీకెలా తెలిసింది?"

"తెలీదే," అంది ఇంతిసార్. ఆ మాట పైకి అనడం అదే మొదలు. "నాకు రాదు. ఆ రోజు నేను పరీక్షలో ఉన్నాను."

అవతల నవ్వు ఆగింది.

"నాకు తెలుసుగా. టీవీలో నువ్వు చెప్తుంటే విన్నాను. పోనీలే అనుకున్నాను."

మున్‌జిర్ తిరిగి వచ్చేసరికి ఆమె తన సొంత పాఠం, ‘ఆహార విధానం’ చీటీని గడిలోంచి తీసేసింది. ఆ పాఠానికీ దాని పరీక్షకీ పెట్టిన మే నెలలోని రెండు వారాలు ఖాళీ అయ్యాయి.

"ఇరవయ్యేళ్లు మమ్మల్ని ఏడిపించిన పేపర్ని తీసేస్తారా?"

"మీరు ఏడ్చింది చాల్లే. తారీకు కొట్టెయ్యి. ఆ రెండు వారాల్లో మా చెల్లెలు సబీహా ఎప్పుడు కబురు పెడితే అప్పుడు అని రాయి. టీచరు పేరు కూడా సబీహాదే."

"ఆవిడకు డిగ్రీ లేదుగా!"

"నాకుంది. నేను సంతకం పెడతాను."

అతను తారీకు కొట్టేసి, సబీహా పేరు రాశాడు. ఇంతిసార్ సబీహాకు మళ్లీ ఫోన్ చేసింది.

"సబీహా, పిల్లలకు ఇది నేర్పేది నువ్వే. అరవయ్యేళ్ల మనిషిని కూడా చేర్చుకుంటావా?"

"పాత బట్టలేసుకొని రా. టీవీలో వేసుకున్న ఆ తెల్లకోటుతో వచ్చావంటే పొలిమేర నుంచే వెనక్కి పంపిస్తా."