చలికాలం రాత్రి పెరిగిన ఎలక్ట్రాన్లు

పుప్పాలగూడ దాటాక గుట్ట పక్కనున్న చిన్న పరిశోధన కేంద్రంలో ఎల్లేశం పదహారేళ్లుగా టెక్నీషియన్. అక్కడి యంత్రం ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపుతుంది. చాలా ఎత్తున అయనోవరణంలో ఉన్న ఎలక్ట్రాన్ల వల్ల అవి వెనక్కి మళ్లుతాయి. ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉన్నదీ యంత్రం కాగితం మీద గీత గీసి చూపిస్తుంది. మామూలుగా పొద్దు గూకిన దగ్గర్నుంచి తెల్లవారేదాకా ఆ గీత దిగుతూ పోవాలి.

1997 డిసెంబరులో మాత్రం రాత్రి రెండు దాటాక గీత పైకి లేచింది. ఒక రాత్రి కాదు, తొమ్మిది రాత్రులు. ఎల్లేశం ఆ కాగితాలు పట్టుకుని సైంటిస్టు పార్థసారథి గదికి వెళ్లాడు.

"మాదాపూర్‌లో హైటెక్ సిటీ కడుతున్నారు కదయ్యా. రాత్రంతా జనరేటర్లే. ఆ కరెంటు గోల మన యంత్రంలో పడుతోంది, వదిలెయ్" అన్నాడాయన.

ఎల్లేశం మనసు ఒప్పుకోలేదు. గోలైతే గీత చెదిరిపోవాలి. ఇది సాఫీగా లేచింది. అతని భార్య సక్కుబాయి ఆ కట్టడం దగ్గరే చాయ్ అమ్ముతుంది. సాయంత్రం ఆమెనే అడిగాడు.

"ఆడ పని ఎప్పుడన్న బంద్ ఉంటదా?"

"అమాస నాడు పగలు రాత్రి బంద్. నేను గూడ చాయ్ డబ్బా తియ్య. ఏమైంది?"

తింటున్న అన్నం వదిలేసి లేచాడు. కేంద్రానికి పోయి ఆ తొమ్మిదింట్లో అమావాస్య నాటి కాగితం వెతికి తీశాడు. రెండు దాటాక గీత లేచే ఉంది!

"జనరేటర్లు బందున్నయ్ సార్, గిది మాత్రం ఉన్నది" అన్నాడు మర్నాడు. "పైననే ఏదో అయితుంది."

పార్థసారథి ఆ కాగితం తీసుకుని చూశాడు. దూరాన మరో కేంద్రం నుంచి అవే రాత్రుల రికార్డులు తెప్పించాడు. అక్కడా అంతే.

మరుసటి చలికాలం, కొత్తగా తెరిచిన హైటెక్ సిటీ భవనంలోనే శాస్త్రవేత్తల సమావేశం జరిగింది. వేదిక మీద పార్థసారథి, "దీన్ని పట్టుకున్నది నేను కాదండి. ఎల్లేశం గారూ, మీరే వచ్చి చెప్పండి" అన్నాడు.

ఆయన నోట 'గారు' వినడం అదే మొదలు. ఎల్లేశం వేదిక ఎక్కాడు. గోడ మీద కనబడుతున్న తన గీతను చూపిస్తూ మొదలుపెట్టాడు.

"పొద్దు గూకినంక ఎలక్ట్రాన్లు తగ్గాలె. చలికాలంల నడిరాత్రి దాటినంక మళ్ల పెరుగుతున్నయ్. పై పొరల నుంచి కిందికి దిగుతున్నయేమో అని మా సారు అంటరు. అది ఇంకా తేల్చాలె. పెరిగినయన్నది మాత్రం ఖాయం. నేను చూసిన."

హాలంతా చప్పట్లు మోగాయి.

సైన్సు పత్రికలో దీని మీద వ్యాసం అచ్చయినప్పుడు రెండో పేరు అతనిదే. సక్కుబాయికి చదువు రాదు. ఆ పేరు ఎక్కడుందో చూపించుకుని, పత్రికను కొంగులో చుట్టి తీసుకుపోయింది. చాయ్‌కి వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలందరినీ ఆపింది.

"జర సదువు బిడ్డా, మా ఆయన ఏం రాసిండో."